జావాలో పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని పోలికను వేగవంతం చేయడం ఎలా: మొదటి మెట్టు నుంచి చివరి దాకా

క్యాపిటల్, స్మాల్ తేడా చూడకుండా రెండు స్ట్రింగ్‌లను పోల్చే ఈక్వల్స్‌ఇగ్నోర్‌కేస్ అనే మెథడ్‌ను జావాలో సర్వర్ కోడ్ రాసేవాళ్లు ఏదో ఒక రోజు వాడే ఉంటారు. మనం వాడకపోయినా మన కింద ఉన్న లైబ్రరీలు వాడుతూనే ఉంటాయి. హెచ్‌టీటీపీ హెడర్ పేర్లలో, డొమైన్ పేర్లలో, జార్ ఫైలు మ్యానిఫెస్ట్‌లోని పేర్లలో క్యాపిటల్, స్మాల్ తేడా లెక్కలోకి రాదు. ఒక్కో రిక్వెస్టుకు ఈ పోలిక ఎన్నోసార్లు జరుగుతుంది. అందుకే జావాతో పాటే వచ్చే కోర్ లైబ్రరీలో ఈ పోలిక చేసే నాలుగు లైన్ల లూప్‌ను బాగుచేస్తే ప్రపంచంలో ఎవరూ తమ కోడ్ ముట్టుకోకుండానే ఆ లాభం అందరికీ చేరుతుంది. నాకు ఈ పని మీద ఇష్టం కలగడానికి కారణం అదే.

2023 సెప్టెంబరులో వచ్చిన జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 21లో ఈ లూప్‌ను నిజంగానే మార్చారు. ఆ మార్పు వెనుక ఉన్న ఆలోచనను, అలాంటిదాన్ని మీరే చేయాలంటే ఏ క్రమంలో వెళ్లాలో ఇక్కడ రాస్తున్నాను. జావా తెలిసి, బిట్ లెక్కలంటే కొంచెం బెరుకున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాశాను. క్యారెక్టర్ల కోడ్ సంఖ్యలన్నీ దశాంశంలోనే ఇచ్చాను.

మొదటి మెట్టు: ‘సమానం’ అంటే ఏమిటో కాగితం మీద రాసుకోండి

వేగం గురించి ఆలోచించే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దాటేసేదీ ఇదే.

జావా నిర్వచనం ప్రకారం రెండు క్యారెక్టర్లు ఒకటే అయితే సమానం. లేదా ఒక్కోదాన్ని ముందు క్యాపిటల్‌గా, ఆ వచ్చినదాన్ని మళ్లీ స్మాల్‌గా మార్చినప్పుడు ఒకటే వస్తే సమానం. రెండుసార్లు మార్చడం ఎందుకంటే, కొన్ని లిపుల్లో ఒక్క దిక్కున మారిస్తే జతలు కలవవు. లొకేల్ (మెషీన్‌లో పెట్టుకున్న భాష, ప్రాంతం) ప్రసక్తి ఈ నిర్వచనంలో లేదు. స్ట్రింగ్ మొత్తాన్ని టులోయర్‌కేస్ చేసి పోల్చే అలవాటు కన్నా ఈ మెథడ్ మేలైనది కావడానికి అదొక కారణం. టర్కిష్ లొకేల్ ఉన్న మెషీన్ మీద ‘టైటిల్’ అనే మాటను క్యాపిటల్స్‌లో రాసి స్మాల్‌కు మారిస్తే అందులోని ఐ చుక్క లేని ఐ అవుతుంది, మీ పోలిక విఫలమవుతుంది. పైగా అలా మార్చినప్పుడు కొత్త స్ట్రింగ్‌లు పుట్టి చెత్తబుట్టకు పోతాయి.

ఇంకో షరతు ఉంది: పొడవులు ఒకటే కావాలి. జర్మన్‌లో వీధిని సూచించే ‘స్ట్రాసె’ అనే మాటలో ఒక ప్రత్యేక ఎస్ అక్షరం ఉంటుంది, దాని కోడ్ 223. మాట మొత్తాన్ని క్యాపిటల్ చేస్తే ఆ ఒక్క అక్షరం రెండు ఎస్‌లుగా విడిపోతుంది. ఈక్వల్స్‌ఇగ్నోర్‌కేస్ ఆ రెండు రూపాలనూ సమానం అనదు, ఎందుకంటే పొడవు మారిపోయింది. ఇది భాషాపరంగా సరైనదా కాదా అన్న చర్చ వేరు. కోర్ లైబ్రరీలో మన పని అర్థం మార్చడం కాదు. పాత కోడ్ ఏ జవాబు ఇచ్చిందో కొత్త కోడ్ అక్షరాలా అదే ఇవ్వాలి.

రెండో మెట్టు: స్ట్రింగ్ లోపల ఏముందో చూడండి

2017లో వచ్చిన జేడీకే 9 నుంచి జావా స్ట్రింగ్ లోపల ఉండేది బైట్ల వరుస. అందులోని క్యారెక్టర్లన్నీ 0 నుంచి 255 లోపల ఉంటే ఒక్కోదానికి ఒక్క బైటు చాలు. దీన్ని లాటిన్‌1 రూపం అంటారు. ఒక్క క్యారెక్టరైనా 255 దాటితే స్ట్రింగ్ మొత్తం యూటీఎఫ్‌16 రూపంలోకి వెళ్తుంది, ఒక్కో యూనిట్‌కు రెండు బైట్లు. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 మధ్య ఉన్నాయి కాబట్టి ఒక్క తెలుగు అక్షరం ఉన్నా ఆ స్ట్రింగ్ యూటీఎఫ్‌16లోనే ఉంటుంది.

పోలికకు రెండు స్ట్రింగ్‌లు వస్తాయి కాబట్టి దారులు నాలుగు: రెండూ లాటిన్‌1, రెండూ యూటీఎఫ్‌16, మొదటిది ఇదీ రెండోది అదీ, దానికి తిరగేసినది. మనం ముట్టుకునేది మొదటి దారినే. హెడర్ పేర్లు, డొమైన్ పేర్లు అన్నీ అక్కడే నడుస్తాయి.

తెలుగు స్ట్రింగ్‌ల సంగతేమిటని అడగొచ్చు. మన లిపిలో క్యాపిటల్, స్మాల్ అక్షరాలు లేవు. అక్షరాలు కలిసినంత వరకు లూప్ నేరుగా ముందుకు పోతుంది. కలవని మొదటి అక్షరం దగ్గర మాత్రం టేబుల్ చూసి ‘కాదు’ అని బయటపడుతుంది. అంటే ఒక పోలికకు ఆ ఖర్చు ఒక్కసారే. అక్కడ మిగుల్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

మూడో మెట్టు: పాత లూప్‌లో ఎక్కడ ఖర్చవుతోందో లెక్కపెట్టండి

పాత లూప్ తర్కం ఇలా ఉండేది:

    రెండు బైట్లు ఒకటే అయితే → తర్వాతి జతకు వెళ్లు
    రెండిటినీ క్యాపిటల్ చేయి. ఒకటే అయితే → తర్వాతి జతకు వెళ్లు
    ఆ రెండిటినీ స్మాల్ చేయి. ఒకటే అయితే → తర్వాతి జతకు వెళ్లు
    లేకుంటే → సమానం కాదు

క్యాపిటల్ చేయడం, స్మాల్ చేయడం అంటే ప్రతిసారీ 256 గడుల టేబుల్‌లోకి వెళ్లి ఆ అక్షరం లక్షణాలు తెచ్చుకుని, అందులోంచి తేడాను బయటికి తీసి కూడడమో తీసివేయడమో చేయడం. బైట్లు ఒకటే అయితే ఈ ఖర్చు లేదు. కేసు, అంటే క్యాపిటల్, స్మాల్ తేడా, మాత్రమే వేరైతే రెండుసార్లు టేబుల్ చూడాలి. అసలు కలవకపోతే నాలుగుసార్లు చూడాలి, కానీ అక్కడితో పోలిక ముగుస్తుంది.

దీన్నిబట్టి లాభం ఎక్కడ వస్తుందో ముందే తెలిసిపోతుంది. కేసు వేరైన అక్షరాలు ఎక్కువున్న స్ట్రింగ్‌లలో లాభం బాగా కనిపిస్తుంది. అచ్చంగా ఒకటే అయిన స్ట్రింగ్‌లలో ఏమీ కనిపించకపోవచ్చు. హెచ్‌టీటీపీ/2లో హెడర్ పేర్లు స్మాల్ అక్షరాల్లోనే రావాలన్నది నియమం, మన కోడ్‌లో మాత్రం ‘కంటెంట్-టైప్’ అన్నప్పుడు సీ, టీ క్యాపిటల్‌లో రాస్తాం. అలాంటి పోలికలో పన్నెండు అక్షరాలకు రెండే వేరు. మీ బెంచ్‌మార్క్‌లో ఇలాంటి ఉదాహరణ తప్పకుండా ఉండాలి.

నాలుగో మెట్టు: మార్చకముందే కొలవండి

దీనికి జావా కోడ్ వేగాన్ని కొలిచే జేఎంహెచ్ అనే సాధనం తప్ప వేరేది వాడకండి. జేడీకే 12 నుంచి జేడీకే సోర్స్‌లోనే మైక్రోబెంచ్‌మార్క్‌ల సమాహారం ఉంది, అందులో చేర్చితే మీ తర్వాత వచ్చినవాళ్లకూ పనికొస్తుంది. సమయం చూసుకుని ఫర్ లూప్ తిప్పే పద్ధతి ఈ పనికి సరిపోదు. ప్రోగ్రాం నడుస్తుండగానే కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే జిట్ కంపైలర్ ఎప్పుడు ఏం చేస్తుందో ఆ పద్ధతిలో మన అదుపులో ఉండదు.

ఈ మెథడ్‌కే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. అందులో నేనూ పడ్డాను. ఈక్వల్స్‌ఇగ్నోర్‌కేస్ మొట్టమొదట రెండు రిఫరెన్సులూ ఒకే ఆబ్జెక్టువా అని చూస్తుంది. అయితే వెంటనే ‘అవును’ అంటుంది. జావాలో ఒకే లిటరల్‌ను రెండుచోట్ల రాసినా అది ఒకే ఆబ్జెక్టు. కాబట్టి ‘అచ్చంగా ఒకటే’ అన్న ఉదాహరణకు రెండువైపులా ఒకే లిటరల్ పెడితే, స్ట్రింగ్ ఎంత పొడవున్నా సమయం మారదు. లూప్‌లోకి అసలు వెళ్లనే లేదు. రెండోదాన్ని బైట్ల నుంచి విడిగా నిర్మించండి.

రెండు స్ట్రింగ్‌లనూ స్టేట్ క్లాసులో (జేఎంహెచ్‌లో బెంచ్‌మార్క్ డేటా ఉంచే క్లాసు) ఫీల్డ్‌లుగా ఉంచండి, ఫైనల్ పెట్టకండి. జవాబును బెంచ్‌మార్క్ మెథడ్ నుంచి తిరిగి ఇవ్వండి, లేదంటే వాడని జవాబని కంపైలర్ పనినే తీసేస్తుంది. పొడవులను పారామీటర్‌గా ఇచ్చి కనీసం 8, 16, 64, 1024 చూడండి. ఒక్కో పొడవుకు కొన్ని రకాల జతలు కావాలి: అచ్చంగా ఒకటే అయినవి, కేసు మాత్రమే వేరైనవి, మొదటి అక్షరంలోనే విడిపోయేవి, చివరి అక్షరంలో విడిపోయేవి. ఫ్రెంచి, జర్మన్ యాస గుర్తుల (అక్షరం మీద పెట్టే గీతలు, చుక్కలు) అక్షరాలున్న జతలూ చేర్చండి. ఆస్కీ, అంటే 0 నుంచి 127 వరకున్న ఆంగ్ల అక్షరాలు, అంకెలు, గుర్తులు, మాత్రమే కొలిచి వదిలేస్తే యూరప్ భాషలవాళ్లకు నెమ్మదించినా మనకు తెలియదు. మన లిపి పట్ల ఇంకొకరు అలా చేస్తే ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు.

ఐదో మెట్టు: 32 అనే బిట్

అసలు కిటుకు ఇక్కడుంది. ఆస్కీ ప్రమాణం మొదటి కూర్పు 1963లో వచ్చినప్పుడు అందులో స్మాల్ అక్షరాలే లేవు. 1967 కూర్పులో వాటిని చేర్చారు, ఎంతో ముందుచూపుతో చేర్చారు. క్యాపిటల్ ఏ 65, స్మాల్ ఏ 97. బిట్లలో చూస్తే:

    65 = 01000001
    97 = 01100001

తేడా 32 విలువున్న ఒక్క బిట్. 26 అక్షరాలకూ అంతే. కాబట్టి ఆ బిట్‌ను చెరిపేస్తే, అంటే 223తో యాండ్ చేస్తే, ఏ ఆంగ్ల అక్షరమైనా క్యాపిటల్ అయిపోతుంది. టేబుల్ అక్కర్లేదు, మెమరీలోకి వెళ్లక్కర్లేదు.

223తో యాండ్ చేయడంలో జావాకు ఇంకో మేలు ఉంది. జావాలో బైట్‌కు ఋణ విలువలు ఉంటాయి, −128 నుంచి 127 వరకు. 192 కోడ్ ఉన్న అక్షరం బైట్‌లో −64గా కనిపిస్తుంది. 223తో యాండ్ చేసేటప్పటికి పై బిట్లన్నీ తుడిచిపెట్టుకుపోయి 192 చేతికొస్తుంది. ఋణ సంఖ్యను సరిచేసే పని విడిగా చేయనక్కర్లేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు: రెండిటిలోనూ ఆ బిట్ చెరిపి పోల్చితే చాలనుకుంటారు. చాలదు. ఆ బిట్ తేడాకు అర్థం అక్షరాల దగ్గరే. 64వ కోడ్ ఎట్ గుర్తు, 96వది బ్యాక్‌టిక్. వాటి మధ్యా తేడా 32 మాత్రమే. అంతకన్నా ప్రమాదకరమైన జత ఒకటుంది. 13 క్యారేజ్ రిటర్న్, 45 హైఫన్. హెచ్‌టీటీపీ/1.1లో క్యారేజ్ రిటర్న్ హెడర్ లైను ముగింపులో వచ్చే గుర్తు. హైఫన్ హెడర్ పేర్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆ రెండూ సమానం అనే కోడ్ కోర్ లైబ్రరీలోకి వెళ్తే జరిగేది చిన్న పొరపాటు కాదు, భద్రతా లోపం.

ఆరో మెట్టు: లాటిన్‌1 పై సగంలో మినహాయింపులు

1987లో ప్రమాణంగా వచ్చిన లాటిన్‌1 పై సగంలోనూ అదే పద్ధతి పాటించారు. 192 నుంచి 222 వరకు యాస గుర్తుల క్యాపిటల్స్, వాటికి 32 కలిపితే 224 నుంచి 254 వరకు స్మాల్స్. కానీ మధ్యలో 215 గుణకార గుర్తు, 247 భాగహార గుర్తు ఉన్నాయి. వాటి మధ్య తేడా 32, కానీ అవి అక్షరాలు కావు. అంతకుముందు డెక్ కంపెనీ వాడిన మల్టీనేషనల్ క్యారెక్టర్ సెట్‌లో ఆ స్థానాల్లో ఫ్రెంచిలోని జంట అక్షరం, ఓ–ఈ కలిసినది, క్యాపిటల్‌గా ఒకచోట, స్మాల్‌గా ఒకచోట ఉండేది. ఆ అక్షరాన్ని తీసేసి లెక్కల గుర్తులు పెట్టినందుకు ఇప్పటికీ మన కోడ్‌లో ఒక షరతు అదనంగా రాయాల్సి వస్తోంది.

చూడాల్సినవి మరో మూడున్నాయి. 223 జర్మన్ ఎస్, 255 రెండు చుక్కల వై. తేడా 32, సంబంధం ఏమీ లేదు. 255కు క్యాపిటల్ రూపం 376 దగ్గర, అంటే లాటిన్‌1 బయట ఉంది. 181 మైక్రో గుర్తు, దాని క్యాపిటల్ గ్రీకు అక్షరాల మధ్య 924 దగ్గర ఉంది. రెండువైపులా లాటిన్‌1 స్ట్రింగ్‌లే ఉన్నప్పుడు ఈ మూడూ తమతో తాము తప్ప మరి దేనితోనూ కలవవు.

అన్నీ కలిపితే కోడ్ ఇంతే:

    సమానమా(బైట్1, బైట్2):
        బైట్1, బైట్2 ఒకటే అయితే → అవును
        పెద్ద = బైట్1 & 223
        పెద్ద 65 కన్నా తక్కువైతే → కాదు
        పెద్ద 90 లోపు అయితే,
          లేదా 192–222 మధ్య ఉండి 215 కాకపోతే:
            పెద్ద, (బైట్2 & 223) ఒకటే అయితే → అవును
        → కాదు

పరిధి తనిఖీ మొదటి బైట్‌కే చేస్తే సరిపోతుంది. బిట్ చెరిపాక రెండూ ఒకటే అయ్యాయంటే రెండోదీ ఆ పరిధిలోనే ఉందని అర్థం. మొదటి లైను మాత్రం తీసేయకండి. అంకెలు, హైఫన్‌లు, మైక్రో గుర్తు తమతో తాము కలిసేది ఆ లైను వల్లే.

ఈ కోడ్ పెట్టాల్సిన చోటు లాటిన్‌1 క్యారెక్టర్ డేటా క్లాసు. ఆ క్లాసు బిల్డ్ సమయంలో ఒక టెంప్లేట్ నుంచి పుడుతుంది. మార్చాల్సింది టెంప్లేట్‌ను. పుట్టిన ఫైలును మారిస్తే తర్వాతి బిల్డ్‌లో మీ పని మాయమవుతుంది.

ఏడో మెట్టు: 65,536 జతలూ పరీక్షించండి

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ మెట్టు. మామూలుగా టెస్టులంటే కొన్ని ఉదాహరణలు ఎంచుకుని మిగతావీ బాగుంటాయని నమ్మడం. ఇక్కడ నమ్మకంతో పని లేదు. బైట్ విలువలు 256, జతలు 256 × 256 = 65,536. మీరు కళ్లు మూసి తెరిచేలోపు కంప్యూటర్ అన్నీ చూసేస్తుంది.

రెండు లూప్‌లు ఒకదానిలో ఒకటి పెట్టండి. ప్రతి జతకూ మొదటి మెట్టులో రాసుకున్న నిర్వచనాన్ని క్యారెక్టర్ క్లాసు మెథడ్‌లతో నేరుగా లెక్కించి, కొత్త మెథడ్ జవాబుతో పోల్చండి. జతను తిప్పి ఇచ్చినా అదే జవాబు రావాలని విడిగా రాయనక్కర్లేదు, రెండు వరసలూ ఎలాగూ లూప్‌లో వస్తాయి.

‘అవును’ జవాబుల సంఖ్యను చేత్తోనూ లెక్కించవచ్చు. తమతో తాము కలిసేవి 256. ఆంగ్ల జతలు 26. పై సగంలో 192 నుంచి 222 వరకు 31లో గుణకార గుర్తు పోగా 30. మొత్తం 56 జతలు, రెండు వరసల్లో 112. అంతా కలిపి 368. మీ టెస్టు వేరే సంఖ్య ఇస్తే కోడ్‌నే కాదు, టెస్టునూ మళ్లీ చదవండి. బిట్ ఒక్కటే చూసే తొందరపాటు కోడ్ 368 బదులు 512 ఇస్తుంది, అంటే 144 తప్పులు. క్యారేజ్ రిటర్న్, హైఫన్ వాటిలో ఉన్నాయి.

ఎనిమిదో మెట్టు: మళ్లీ కొలవండి, ఇన్‌లైనింగ్ చూడండి

అదే మెషీన్ మీద, వేరే పని ఏదీ నడవకుండా, పాత బిల్డ్, కొత్త బిల్డ్ రెండిటిలోనూ ఒకే బెంచ్‌మార్క్ నడపండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. ఫోర్క్‌లు (కొత్త జేవీఎంలో మొదటి నుంచి నడపడాలు) మూడుకు తగ్గనివ్వకండి. ఒకే ఫోర్క్‌లో వచ్చిన మెరుగుదలను నేను నమ్మను.

చిన్న మెథడ్ లూప్‌లోకి ఇన్‌లైన్ కాకపోతే, అంటే కంపైలర్ దాని కోడ్‌ను పిలిచిన చోటే పెట్టేయకపోతే, కిటుకు అంతా వృథా. జావా నడిపే హాట్‌స్పాట్ జేవీఎంలో మామూలు మెథడ్‌కు 35 బైట్‌కోడ్ బైట్లు, బాగా వేడెక్కిన (ఎన్నోసార్లు పిలిచిన) మెథడ్‌కు 325 అన్నవి డిఫాల్ట్ హద్దులు. మన మెథడ్ వేడెక్కినప్పుడు ఇబ్బంది లేదు, అయినా ప్రింట్‌ఇన్‌లైనింగ్ ఫ్లాగ్ పెట్టి కళ్లతో చూసుకోండి. దానికి ముందు డయాగ్నొస్టిక్ ఆప్షన్లు తెరిచే ఫ్లాగ్ కావాలి.

ఎనిమిదేసి బైట్లు ఒకేసారి పోల్చవచ్చా?

పోల్చవచ్చు. 64 బిట్ల లాంగ్‌లో ఎనిమిది బైట్లు పడతాయి. అన్నీ 128 లోపు ఉన్నాయనుకోండి. ప్రతి బైట్‌కు 63 కలిపితే 65, ఆపై ఉన్నవాటిలో మాత్రమే 128 బిట్ వెలుగుతుంది. ప్రతి బైట్‌కు 37 కలిపితే 91, ఆపై ఉన్నవాటిలో వెలుగుతుంది. ఈ రెండు ఫలితాలకూ ఎక్సార్ చేసి 128 బిట్లు మాత్రమే ఉంచితే, క్యాపిటల్ అక్షరాలున్న స్థానాలు తెలిసిపోతాయి. 127కు 63 కలిపినా 190 కాబట్టి పక్క బైట్‌లోకి పొంగదు. ఆ గుర్తును రెండు బిట్లు కుడికి జరిపితే 128 కాస్తా 32 అవుతుంది, మనకు కావాల్సిన బిట్ అదే. దాన్ని అసలు లాంగ్‌తో ఆర్ చేస్తే క్యాపిటల్స్ అన్నీ ఒక్క దెబ్బకు స్మాల్ అయిపోతాయి.

చూడముచ్చటగా ఉంటుంది. అయినా ఈ మెథడ్‌లో పెట్టమని నేను చెప్పను. హెడర్ పేర్ల లాంటివి చిన్న స్ట్రింగ్‌లు, ఎనిమిదికి తక్కువ మిగిలిన తోకను ఎలాగూ ఒక్కొక్కటిగా చూడాలి. పై సగం అక్షరాలు వస్తే వేరే దారి కావాలి. కోడ్ మూడింతలు అవుతుంది, చదివేవాళ్లకు భారం పెరుగుతుంది. వేల అక్షరాల స్ట్రింగ్‌లను కేసు చూడకుండా పోల్చే అవసరం మీ దగ్గర నిజంగా ఉండి, కొలతలూ అదే చెబితే అప్పుడు ఆలోచించండి.

పక్కనే ఉన్న ఉచ్చు: వరుస క్రమం

ఈ మార్పు బాగా వచ్చిందన్న ఉత్సాహంతో, కేసు చూడకుండా ఏది ముందో ఏది వెనకో చెప్పే కంపేర్‌టుఇగ్నోర్‌కేస్‌లోనూ ఇదే ‘పెద్ద’ విలువను వాడి తీసివేత చేయాలనిపిస్తుంది. చేయకండి. లాటిన్‌1లో సమానం అన్న ప్రశ్నకు ఏ దిక్కున మార్చినా జవాబు ఒకటే, క్రమానికి కాదు. అండర్‌స్కోర్ 95. అది క్యాపిటల్స్ చివరి 90కీ, స్మాల్స్ మొదటి 97కీ మధ్య కూర్చుంది. క్యాపిటల్ చేసి పోలిస్తే అండర్‌స్కోర్ అక్షరాల తర్వాత వస్తుంది, స్మాల్ చేసి పోలిస్తే ముందు వస్తుంది. జావా చివరికి స్మాల్ విలువల తేడానే ఇస్తుంది. దాన్ని తిప్పేస్తే ఎవరి ట్రీమ్యాప్‌లోనో, ఎవరి ఫైళ్ల జాబితాలోనో క్రమం మారిపోతుంది. రెండు బైట్లు సమానమేనా అన్నంత వరకు కొత్త మెథడ్ వాడుకోండి. కాదని తేలాక తేడాను పాత పద్ధతిలోనే లెక్కించండి. ఆ లెక్క ఒక పోలికకు ఒక్కసారే జరుగుతుంది.

పంపే ముందు

ఓపెన్‌జేడీకేకు పంపాలంటే ఒరాకిల్ కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ మీద సంతకం చేసి ఉండాలి, బగ్ డేటాబేస్‌లో ఆ పనికి ఒక నంబరు ఉండాలి. టైర్1 టెస్టులు (ప్రతి మార్పుకూ ముందు నడిపే ప్రాథమిక టెస్టులు) మీ దగ్గర ముందే నడపండి. పుల్ రిక్వెస్ట్ వివరణలో బెంచ్‌మార్క్ పట్టికను ముందు, తర్వాత అని రెండు భాగాలుగా పెట్టండి, లాభం రాని వరుసలను దాచకండి. అచ్చంగా ఒకటే అయిన స్ట్రింగ్‌లకు తేడా లేదని మీరే చెబితే, కేసు వేరైన వాటికి వచ్చిన లాభాన్ని సమీక్షకులు నమ్ముతారు. 215, 223, 255, 181 ఎందుకు సురక్షితమో ఒక్కో వాక్యంలో కోడ్ కామెంట్‌గా రాయండి. పదేళ్ల తర్వాత ఆ షరతు ఎందుకుందో తెలియక ఎవరైనా తీసేయబోతే, వాళ్లను ఆపడానికి ఆ కామెంటూ 65,536 జతల టెస్టూ అక్కడ ఉండాలి.